పూర్వీకుల జాడ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా నాన్నగారి ముత్తాత రేపల్లె ప్రాంతంలోని ఒక గ్రామంలో ఉండేవారు. బందరు ఉప్పెన నాటికి ఆయనకు పదేళ్ళని మా నాయనమ్మ చెప్పేది. ఊరి గుడిలో సేవకు గాను మా వాళ్ళకు కొంత మాన్యం ఉండేదట. ఆయన తల్లిదండ్రులు, అన్నదమ్ములు ఎవరో తెలుసుకోవాలని ఉంది. గుంటూరు జిల్లా పాత పుస్తకాల జాబితాలు చూస్తే మా ఊరికి సంబంధించి 1904కు ముందువి కనిపించలేదు. ఎక్కడ వెతకాలి?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అవి కనిపించకపోవడానికి కారణం జిల్లా చరిత్రలోనే ఉంది. 1859లో గుంటూరు జిల్లాను ఎత్తివేశారు. మీ ప్రాంతం బందరు ముఖ్యస్థానంగా ఏర్పడిన కృష్ణా జిల్లాలో చేరింది. 1904 అక్టోబరు 1న గుంటూరు మళ్ళీ ప్రత్యేక జిల్లా అయింది. అంటే మీ పెద్దాయన బతుకులో చాలా భాగం, కాగితాల లెక్కన, కృష్ణా జిల్లా రేపల్లె తాలూకాలో గడిచింది. 2022 ఏప్రిల్ నుంచి రేపల్లె బాపట్ల జిల్లాలో ఉంది. అందువల్ల ఏ కార్యాలయంలో దరఖాస్తు పెట్టినా గ్రామం పేరు పక్కన మూడు జిల్లాల పేర్లూ, నాటి తాలూకా పేరూ రాయండి.

వెతుకులాట మాత్రం మీ ఊరి భూమి దగ్గర మొదలుపెట్టాలి. 1871 నుంచి జనాభా లెక్కలు జరుగుతున్నా, ఇంటింటా పేర్లు రాసుకున్న కాగితాలను లెక్క తేలాక భద్రపరచలేదు. మనకు మిగిలినవి అంకెలే. ఆనాటి ప్రభుత్వం మనుషుల పేర్లను శ్రద్ధగా రాసి దాచింది శిస్తు కోసం, మాన్యాల హక్కు తేల్చడం కోసం.

మీ వారికి మాన్యం ఉండడం మీ అదృష్టం. మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ ఊరూరా మాన్యాలను విచారించి, ప్రతి గ్రామానికీ ఒక ఇనాం ఫెయిర్ రిజిస్టరు తయారుచేసింది. మాన్యం ఎవరిచ్చారు, మొదట ఎవరికిచ్చారు, ఏ సేవకిచ్చారు, విచారణ నాటికి ఎవరి అనుభవంలో ఉంది, ఆ అనుభవదారు వయసెంత, మొదట పొందినవాడికి అతడు ఏమవుతాడు అనే వివరాలు అందులో గడుల వారీగా ఉంటాయి. ఉప్పెన వచ్చింది 1864 నవంబరు 1న. అప్పటికి పదేళ్ళంటే ఆయన పుట్టింది 1854 ప్రాంతంలో. విచారణ జరిగేనాటికి ఆయన పిల్లవాడు గనుక, అనుభవదారుగా కనిపించే పేరు ఆయన తండ్రిదో పెదతండ్రిదో అయ్యే అవకాశం ఎక్కువ. మీరు అడుగుతున్న తరం సరిగ్గా అదే. మాన్యం దేవుడి పేరిట నమోదై ఉంటే తొందరపడి పేజీ తిప్పేయకండి. అనుభవదారు గడి, దాని పక్కనున్న రిమార్కులు చివరిదాకా చదవండి.

ఆ రిజిస్టరులో మీ భూమిని పట్టుకోవడానికి ముందుగా తహశీల్దారు కార్యాలయంలో మీ గ్రామపు ఆర్.ఎస్.ఆర్. నకలు, అంటే రీసెటిల్‌మెంట్ రిజిస్టరు నకలు, అడగండి. మాన్యం భూముల సర్వే నంబర్లకు ఎదురుగా టీడీ నంబరు ఉంటుంది. అది ఇనాం పట్టా నంబరు. దాన్ని పట్టుకుని వెనక్కి వెళ్ళవచ్చు. ఇవ్వడం ఆలస్యమైతే సమాచార హక్కు చట్టం కింద లిఖితపూర్వకంగా అడగవచ్చు. బోర్డ్ ఆఫ్ రెవెన్యూ నాటి ఉత్తర ప్రత్యుత్తరాలు కావాలంటే చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్ళాలి.

పేర్ల విషయంలో ఒక హెచ్చరిక. మనవాళ్ళు తాత పేరు మనవడికి పెడతారు. వెంకటప్ప కొడుకు రామయ్య, రామయ్య కొడుకు మళ్ళీ వెంకటప్ప. పైగా అన్నదమ్ములిద్దరూ తండ్రి పేరే తమ పెద్దకొడుకులకు పెడితే ఒకే ఇంటిపేరుతో, ఒకే ఊళ్ళో, ఒకే కాలంలో ఇద్దరు వెంకటప్పలుంటారు. కాబట్టి పేరు కలిసిందని సంబరపడకుండా తండ్రి పేరు, వయసు, భూమి నంబరు కూడా కలిశాకే మీ వంశవృక్షంలో చేర్చండి. ఇంట్లో దొరికిన కాగితం మీద రక్తాక్షి నామ సంవత్సరం అని మాత్రమే ఉంటే అది 1864 కావచ్చు, 1924 కావచ్చు. తిథి, వారం రెండూ ఉంటే పంచాంగం లెక్కతో తేల్చవచ్చు. కరణాల గొలుసుకట్టు రాత మీకు అర్థం కాకపోతే, ఊహించి చదవకుండా, పాత లెక్కలు చదివిన పెద్దవారికి చూపించండి.

రెవెన్యూ పుస్తకాల్లో ఆడవాళ్ళు దాదాపు కనిపించరు. ఇది నన్ను ఎప్పుడూ బాధపెట్టే లోటు. దాన్ని కొంతవరకు పూడ్చేవి దస్తావేజులు. మన ప్రాంతంలో రిజిస్ట్రేషన్ 1865లో మొదలైంది. తండ్రి పోయిన పిల్లల ఆస్తి పంచినా, తనఖా పెట్టినా, ‘మైనరు ఫలానా, అతని తల్లి, సంరక్షకురాలు ఫలానా అమ్మ’ అని రాయక తప్పేది కాదు. ఆన్‌లైన్‌లో ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం, 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలోని ఇండెక్సు పుస్తకాల్లో వెతికించాలి. మీ ఇంట్లో తర్పణాలు వదిలే ఆచారం ఉంటే మరో దారి ఉంది. అందులో తండ్రి, తాత, ముత్తాతలతోపాటు తల్లి, నాయనమ్మ, తాతమ్మల పేర్లూ గోత్రంతో చెబుతారు. 2016 కృష్ణా పుష్కరాలకో అంతకు ముందు పుష్కరాలకో పిండప్రదానం కోసం రాసుకున్న చీటీ పెద్దవాళ్ళ పెట్టెలో ఉందేమో చూడండి.

ప్రశ్న: మా తాతమ్మ పుట్టింటివారు గుంటూరు దగ్గర పల్లెలో కూలి పని చేసుకునేవారు. లూథరన్ మిషన్‌లో చేరారు. భూమి లేదు, కాగితం లేదు. మాలాంటివారికి దారి ఏదైనా ఉందా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: తప్పకుండా ఉంది. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరు వచ్చారు. సంఘం ఏర్పడిన చోటల్లా బాప్తిస్మాల రిజిస్టరు పెట్టేవారు. భూమి ఉన్నా లేకపోయినా మనిషి పేరు అందులోకి ఎక్కేది. ముందుగా మీ తాతమ్మ పెళ్ళి నమోదు వెతకండి. 1872 నాటి క్రైస్తవ వివాహాల చట్టం ప్రకారం వధూవరులిద్దరి తండ్రుల పేర్లు, వయసు, వృత్తి, నివాసం రిజిస్టరులో రాయాలి. ఆ తండ్రి పేరుతో బాప్తిస్మాల పుస్తకం చూడండి. బాప్తిస్మంలో పేరు మారి ఉంటుంది గనుక పాత పేరు కూడా రాశారేమో గమనించండి. ఇంటిపేరు, పల్లె పేరు ఆనవాలుగా పెట్టుకోండి. ముందు ఆ పల్లె సంఘపు పాస్టరుగారిని కలవండి, తరువాత గుంటూరులోని ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ చర్చి కార్యాలయంలో అడగండి. పుస్తకం చూడనిస్తే, పేరు ఎలా రాసి ఉంటే అలాగే, తప్పు అనిపించినా దిద్దకుండా ఎత్తి రాసుకుని, పుట సంఖ్య కూడా పక్కన వేసుకోండి.