స్క్రిప్టు నడిచింది, డైరెక్టరీ మారలేదు

ప్రశ్న: ఒకే కమాండ్‌తో కొత్త డైరెక్టరీ తయారై, నేను అందులోకి వెళ్లిపోయేలా షెల్ స్క్రిప్టు రాసుకున్నాను. పైన డైరెక్టరీ తయారుచేసే ఎంకేడిర్, కింద అందులోకి వెళ్లే సీడీ, అంతే. డైరెక్టరీ వస్తోంది కానీ నేను మాత్రం పాత చోటే ఉంటున్నాను. ఎర్రర్ కూడా లేదు. స్నేహితుడు ఇచ్చిన స్క్రిప్టులు కూడా కొన్ని ఉన్నాయి. అన్నిటినీ స్లాష్ యూఎస్‌ఆర్ స్లాష్ బిన్‌లో వేసేయొచ్చా?

జవాబు: మీ స్క్రిప్టులో తప్పేమీ లేదు. అది తన పని చేసేసింది, మీకు కనబడలేదంతే. స్క్రిప్టును పిలిచినప్పుడు మీ షెల్, అంటే మీరు టైప్ చేసే కమాండ్లను నడిపించే ప్రోగ్రామ్, దాని కోసం వేరే ప్రాసెస్ (విడిగా నడిచే ప్రోగ్రామ్) పుట్టిస్తుంది. యూనిక్స్‌లో 'ఇప్పుడున్న డైరెక్టరీ' ఏ ప్రాసెస్‌కు ఆ ప్రాసెస్‌దే. పిల్ల ప్రాసెస్ సీడీ చేస్తే పిల్లదే మారుతుంది, తల్లి షెల్‌ది మారదు. స్క్రిప్టు ముగియగానే ఆ పిల్ల పోతుంది, దానితోపాటు ఆ మార్పూ పోతుంది. సీడీని షెల్‌లోనే కలిపి ఉంచింది ఇందుకే. అది బయటి ప్రోగ్రామ్‌గా ఉంటే ఎవరినీ ఎక్కడికీ తీసుకెళ్లలేదు.

కాబట్టి ఈ పనికి స్క్రిప్టు కాదు, షెల్ ఫంక్షన్ కావాలి. ఫంక్షన్ మీ షెల్ లోపలే నడుస్తుంది. మీ షెల్ బాష్ అయితే డాట్ బాష్‌ఆర్‌సీ ఫైలులో, జెడ్‌షెల్ అయితే డాట్ జెడ్‌ఎస్‌హెచ్‌ఆర్‌సీ ఫైలులో ఫంక్షన్ పెట్టి, అవే రెండు కమాండ్లు రాయండి. మధ్యలో రెండు యాంపర్సండ్లు పెడితే, ఎంకేడిర్ విఫలమైనప్పుడు సీడీ జరగదు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ సెట్ చేసే పనులకూ ఇదే దారి. మీరున్న షెల్‌ను మార్చాల్సినవి ఫంక్షన్లు, మిగతావన్నీ స్క్రిప్టులు.

ఇక స్క్రిప్టులను యూఎస్‌ఆర్ బిన్‌లో వేయకండి. ఆ చోటు సాఫ్ట్‌వేర్‌ను ఇన్‌స్టాల్ చేసే ప్యాకేజీ మేనేజర్‌ది. అదే పేరుతో ప్యాకేజీ వస్తే మీ ఫైలు గల్లంతు కావచ్చు. మీ ఒక్కరికే అయితే హోమ్ డైరెక్టరీలో బిన్ చేసుకుని, దాన్ని పాత్‌లో, అంటే షెల్ కమాండ్ల కోసం వెతికే డైరెక్టరీల జాబితాలో, చేర్చండి. మెషిన్ వాడే అందరికీ అయితే యూఎస్‌ఆర్ లోకల్ బిన్ ఉంది. సీహెచ్‌మాడ్ కమాండ్‌తో ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇవ్వడం మరవకండి. ఏ స్క్రిప్టుకూ 'టెస్ట్' అని పేరు పెట్టకండి. ఆ పేరుతో షెల్‌లోనే కమాండ్ ఉంది, పిలిస్తే అదే పలుకుతుంది. పేరు ఖాళీగా ఉందో లేదో 'టైప్' కమాండ్ చెబుతుంది.

స్నేహితుడి స్క్రిప్టులను మాత్రం చదవకుండా నడపకండి. ఇది నేను గట్టిగా చెబుతాను. ముందు ఫైళ్లను తొలగించే ఆర్‌ఎం కమాండ్ ఉన్న లైన్లు వెతకండి. ఆర్‌ఎం మైనస్ ఆర్‌ఎఫ్ పక్కన వేరియబుల్, దాని వెంట స్లాష్ ఉంటే, ఆ వేరియబుల్ ఖాళీ అయిన రోజు ఏం పోతుందో ఊహించుకోండి. తర్వాత, ఫైలు పేరుగా వచ్చే డాలర్ 1 చుట్టూ డబుల్ కోట్స్ ఉన్నాయో చూడండి. లేకపోతే పేరులో స్పేస్ ఉన్న ఫైలు రెండు ముక్కలవుతుంది. నేను రోజూ వాడేది ఫైలు పేరుకు తేదీ తగిలించి కాపీ చేసే స్క్రిప్టు. పని చేసేది ఒకే లైను, అందులోనూ ఆ కోట్స్ ఉన్నాయి. షెల్‌చెక్ అనే టూల్ ఇలాంటి లోపాలను లైను నంబరుతో సహా చూపిస్తుంది, వేసుకోండి.

మొదటి లైనూ చూడండి. అక్కడ బిన్ ఎస్‌హెచ్ అని ఉంటే, డెబియన్, ఉబుంటుల్లో నడిచేది బాష్ కాదు, డాష్ అనే వేరే షెల్. బాష్‌లో ఉండే అర్రేలు, డబుల్ బ్రాకెట్లు అక్కడ పనిచేయవు. మ్యాక్‌తో పాటు వచ్చే బాష్ 3.2, అందులో పేర్లతో పిలిచే అర్రేలు లేవు. ఫైలులోని రాతను అక్కడికక్కడే మార్చడానికి సెడ్ కమాండ్‌కు మైనస్ ఐ ఇచ్చే తీరు కూడా లైనక్స్‌లో ఒకలా, మ్యాక్‌లో ఒకలా ఉంటుంది.

ప్రశ్న: ఒక ఫైలును సార్ట్ చేసి, ఫలితాన్ని అదే ఫైలులోకి మళ్లిస్తే ఫైలు ఖాళీ అయిపోయింది. ఎందుకు?

జవాబు: 'గ్రేటర్ దాన్' గుర్తు చూడగానే షెల్ ముందు ఆ ఫైలును ఖాళీ చేసి తెరుస్తుంది, ఆ తర్వాతే సార్ట్ మొదలవుతుంది. అప్పటికి చదవడానికి ఏమీ మిగలదు. సార్ట్‌కైతే మైనస్ ఓ ఉంది, అదే ఫైలు పేరు ఇచ్చినా పర్వాలేదు. మిగతా కమాండ్లకు మోర్‌యుటిల్స్ ప్యాకేజీలోని స్పంజ్ వాడండి. ఇన్‌పుట్ మొత్తం పీల్చుకున్నాకే అది ఫైలు రాస్తుంది. మీరే స్క్రిప్టుగా రాసుకుంటే, ఎంకేటెంప్‌తో తాత్కాలిక ఫైలు చేసి, పని సరిగ్గా ముగిశాకే అందులోని సరుకును క్యాట్‌తో అసలు ఫైలులోకి పంపండి. దాన్ని ఎంవీ కమాండ్‌తో అసలు ఫైలు స్థానంలోకి జరిపితే అసలు ఫైలు పర్మిషన్లు పోతాయి. ఎంకేటెంప్ ఫైలు యజమాని ఒక్కరికే తెరుచుకుంటుంది కదా.