తుపాను సీజనుకు ముందు ఊళ్ళో ఇంటిని, అమ్మానాన్నలను సిద్ధం చెయ్యడం ఎలా?

మీరు గుంటూరులో ఉద్యోగం చేస్తున్నానని, అమ్మానాన్నలు సూర్యలంక వైపు ఊళ్ళో రేకుల పంచ ఉన్న పాత డాబాలో ఉంటున్నారని, అక్టోబరు రాకముందే ఏమేం చెయ్యాలో చెప్పమని అడిగారు. మాదీ అదే పరిస్థితి అండీ. నేను గుంటూరులో, మావాళ్ళు బాపట్ల అవతల, సముద్రానికి ఐదారు కిలోమీటర్లలో. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను మా బాపట్ల దగ్గరే తీరం దాటింది. నాకు తెలిసింది చాలావరకు అప్పుడు నేర్చుకున్నదే.

కొవ్వొత్తులు, టార్చిలైట్లు తరవాత చూద్దాం. ముందు తేల్చుకోవాల్సింది పెద్దవాళ్ళు ఇల్లు వదిలి ఎప్పుడు వస్తారు, ఎక్కడికి వస్తారు అన్నది. డిసెంబరు 3 సాయంత్రం నాన్నకి ఫోన్ చేసి బస్సెక్కి వచ్చెయ్యమన్నాను. "చూడి గేదెను కట్టేసి నన్నెక్కడికి రమ్మంటావురా? చేలో వరి పనల మీదుంది" అన్నారు. వాదించాను, కోప్పడ్డాను, అమ్మ చేత చెప్పించాను. లాభం లేదు. నాలుగో తేదీ రాత్రికి ఫోన్లు పోయాయి. ఐదో తేదీ పగలంతా ఏ కబురూ లేదు. ఆరున తెల్లారగానే పొన్నూరు మీదుగా బండి మీద బయల్దేరాను. రోడ్డుకి అడ్డంగా పడ్డ చెట్లను జనం నరుకుతుంటే ఆగుతూ ఆగుతూ వెళ్ళాను. ఇంట్లో చీలమండల దాకా నీళ్ళు, పంచ మీద మూడు రేకులు లేవు, ఇద్దరూ మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. వాళ్ళని చూసేదాకా నేను పడ్డ టెన్షన్ ఎవరికీ రాకూడదు.

ఆ తరవాత నాకు అర్థమైంది ఏమిటంటే, నాన్నది మొండితనం కాదు. ఆయన్ని కట్టిపడేసింది గేదె. దానికి దారి చూపిస్తే ఆయనే కదులుతారు. ఇప్పుడు చేబ్రోలు దగ్గర మా మేనత్త వాళ్ళ కొట్టంలో గేదెకి చోటు మాట్లాడుకున్నాం, ఊళ్ళో ట్రాలీ ఆటో అతనితో ముందే ఒప్పందం చేసుకున్నాం. అల్పపీడనం వాయుగుండంగా మారిందని వార్త రాగానే గేదె బయల్దేరుతుంది, దాని వెనకే వీళ్ళూ. 2025 అక్టోబరులో మొంథా తుపాను వచ్చినప్పుడు ఒక్క మాట కూడా వాదన లేకుండా రెండు రోజుల ముందే గుంటూరు వచ్చేశారు. అది చివరికి మచిలీపట్నం, కాకినాడల మధ్య ఎక్కడో దాటింది. అనవసరంగా వచ్చామని నాన్న ఒక్కసారీ అనలేదు. మీ నాన్నగారిని, అమ్మగారిని ఆపేది ఏమిటో ఈ దసరా సెలవుల్లో ఎదురుగా కూర్చుని అడగండి. గేదె కావచ్చు, ధాన్యం కావచ్చు, దేవుడి మందిరం కావచ్చు.

ఇక పంచ రేకులు. నిచ్చెన వేసుకుని ఒక్కో బోల్టునీ చేత్తో పట్టుకుని చూడండి. మా రేకులు కింద నుంచి చూస్తే బాగానే ఉన్నాయి. పైకెక్కి చూస్తే కొక్కెం బోల్టుల కింద వాషర్లు ఎండకు పెళుసెక్కి, వేలితో నొక్కితే పొడి పొడిగా రాలిపోయాయి. బోల్టు చుట్టూ రేకు కన్నం బొటనవేలంత అయింది. గాలి పంచ కిందకి దూరి రేకుని పైకి ఎత్తుతుంది కాబట్టి ముందు లేచేది అంచు రేకులే. అక్కడ బోల్టులు దగ్గర దగ్గరగా వేయించండి. పైన ఇసుక మూటలు వేసేవాళ్ళు వాటిని మోకుతో రెండు పక్కలా వాసాలకి కట్టాలి. ఊరికే పెడితే గాలికి దొర్లిపోతాయి. సింటెక్స్ ట్యాంకు ఖాళీగా ఉంచవద్దు, నిండుగా ఉంటే కదలదు, వాడుకకు నీళ్ళూ ఉంటాయి. ఇంటి మీదకి వాలిన కొమ్మలు సెప్టెంబరులోనే కొట్టించండి, కొబ్బరి కాయలు, ఎండు మట్టలు దింపించండి.

గాలి గురించే ఆలోచించి నీళ్ళని మర్చిపోతాం. విజయవాడ సింగ్‌నగర్‌లో మా అక్క వాళ్ళు కింద వాటాలో ఉంటారు. తుపాన్లకని ఇన్వర్టరు కొని హాల్లో నేల మీదే పెట్టుకున్నారు. 2024 ఆగస్టు చివర్లో వచ్చిన వాయుగుండం కళింగపట్నం దగ్గర దాటింది, విజయవాడలో పెద్ద గాలే లేదు. వాన మాత్రం కుంభవృష్టి. సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి నీళ్ళు ఇంట్లోకి చేరాయి, ఇన్వర్టరు మొదటి గంటలోనే మునిగింది. ఇంటి కాగితాలు బీరువా కింది అరలో ఉండి ముద్దయ్యాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్ళు వదిలారు. అందుకని తీరం ఎక్కడ దాటుతుందన్న పేరు ఒక్కటే చూసి ఊపిరి పీల్చుకోకండి. ఇన్వర్టరు, బియ్యం డబ్బా, గ్యాస్ సిలిండరు నడుము ఎత్తుకి పైన ఉండాలి. పాసు పుస్తకం, ఆధార్, దస్తావేజులు రెండు ప్లాస్టిక్ కవర్లలో మూతి బిగించి అటక మీద పెట్టండి, ఫోటోలు మీ ఫోన్‌లో ఉంచుకోండి.

తినడానికి అటుకులు, మరమరాలు, బెల్లం, పచ్చడి చాలు. మంచినీళ్ళ టిన్నులు మనిషికి ఒకటి. బీపీ, షుగరు మాత్రలు మాత్రం పదిహేను రోజులకి సరిపడా ఉండాలి. మిగ్‌జాం తరవాత మా ఊళ్ళో మందుల షాపు ఐదు రోజులు తెరవలేదు.

ఏ కారణంతోనైనా వాళ్ళు అక్కడే ఉండిపోవాల్సి వస్తే, రేకుల కింద కాకుండా స్లాబు ఉన్న గదిలో ఉండమనండి. మెయిన్ స్విచ్ ఆపెయ్యమనండి. గాలి ఒక్కసారిగా ఆగిపోతే అయిపోయిందని తలుపు తియ్యవద్దని గట్టిగా చెప్పండి. అది తుపాను కన్ను కావచ్చు, కాసేపటికి గాలి ఎదుటి వైపు నుంచి అంతే జోరుగా మొదలవుతుంది. నీళ్ళు తీశాక సామాన్ల సందుల్లో చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టి చూడాలి. మా అమ్మ కట్టెల పొయ్యి వెనక కట్లపాము కనిపించింది. అత్యవసర సాయం నంబరు 112, రాష్ట్ర విపత్తుల కంట్రోల్ రూమ్ నంబరు 1070 గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి, కళ్ళజోడు లేకుండా చదవగలిగేటంత పెద్దగా.