ఆపరేషన్ అయితే స్లీవ్ ఖర్చు పోతుందా?

ప్రశ్న: నా వయసు 52. నాలుగేళ్ల కిందట రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసి, చంకలోని లింఫ్ గ్రంథులు తీసేశారు. రేడియేషన్ కూడా ఇచ్చారు. రెండేళ్లుగా కుడి చెయ్యి వాస్తోంది, లింఫెడీమా అన్నారు. ఇప్పుడు ఎల్‌వీఏ అనే ఆపరేషన్ చేయించుకోమంటున్నారు. ఒక్కసారి ఖర్చు పెట్టుకుంటే వాపు పెరగకుండా చేతికి వేసుకునే బిగుతు తొడుగులు (స్లీవ్‌లు), థెరపీ బెడద జీవితాంతం తప్పుతుందని రిటైర్‌మెంట్ కోసం దాచినది తీద్దామనుకుంటున్నాను. తీయవచ్చా?

జవాబు: ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అన్నది మీరూ మీ డాక్టరూ తేల్చుకోవాల్సిన సంగతి. డబ్బు వైపు నుంచి చూస్తే మాత్రం మీ లెక్కలో ఒక తప్పుంది. ఆపరేషన్ తర్వాత స్లీవ్ ఖర్చు సున్నా అనుకున్నారు. అలా అనుకోవద్దు.

ఎల్‌వీఏలో చేసేది, ఆగిపోయిన లింఫ్ ద్రవానికి పక్కదారి చూపించడం. 0.8 మిల్లీమీటర్ల కన్నా సన్నటి లింఫ్ నాళాన్ని మైక్రోస్కోప్ కింద పక్కనున్న చిన్న సిరకు కుడతారు. జపాన్ సర్జన్ ఇసావో కోషిమా పేరుతో ప్రాచుర్యంలోకి వచ్చిన పద్ధతి ఇది. నాళాలు ఇంకా పనిచేస్తూ ఉంటేనే ఫలితం బాగుంటుంది. అందుకే ముందుగా ఐసీజీ అనే రంగు ఎక్కించి, కెమెరాతో చూస్తారు. చాలామందికి వాపు, బరువు తగ్గుతాయి, చర్మానికి ఇన్‌ఫెక్షన్లు రావడం తగ్గుతుంది. కొందరు స్లీవ్ వేసుకునే గంటలు తగ్గించుకుంటారు, పూర్తిగా మానేసేవారూ ఉంటారు. అయితే ఆ కొందరిలో మీరుంటారని ముందే ఎవరూ రాసివ్వలేరు.

మిగతా ఆపరేషన్లను చూస్తే ఈ విషయం ఇంకా తేటతెల్లమవుతుంది. గజ్జల నుంచో పొట్ట నుంచో లింఫ్ గ్రంథులు తెచ్చి అమర్చే పద్ధతిలో ఫలితం కనిపించడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. గ్రంథులు తీసిన చోట కొత్తగా వాపు వచ్చే ప్రమాదం కొంత ఉంటుంది. ఇక వాపు పాతబడి చేతిలో కొవ్వు పేరుకుపోతే ఆ కొవ్వును గొట్టంతో లాగేసే లైపోసక్షన్ చేస్తారు. స్వీడన్‌లోని మాల్మోలో హాకన్ బ్రోర్సన్ 1987 నుంచి చేస్తూ వచ్చిన పని ఇదే. చెయ్యి దాదాపు రెండో చేతి సైజుకు వస్తుంది, కానీ రాత్రింబగళ్లు స్లీవ్ తీయకూడదు. తీస్తే వాపు తిరిగొస్తుంది. అంటే చేతిని అంతగా తగ్గించే ఆపరేషనే స్లీవ్ ఖర్చును రూపాయి కూడా తగ్గించదు. పైగా చెయ్యి సన్నబడే కొద్దీ పాత స్లీవ్ వదులవుతుంది కాబట్టి మొదటి ఏడాది కొత్త కొలతలతో మరిన్ని కొనాల్సి వస్తుంది. ఈ ఖర్చు ఎవరి అంచనాలోనూ కనిపించదు.

కాబట్టి లెక్క ఇలా వేయండి. ఒకటి ఉతికితే ఒకటి ఉండేలా స్లీవ్‌లు జతగా కొంటారు. సాగిపోయి బిగింపు తగ్గుతుంది కనుక సుమారు ఆరు నెలలకొకసారి మార్చాలి. అంటే ఏడాదికి నాలుగు. చేతి గ్లవ్ కూడా వాడుతుంటే దాన్నీ కలపండి. దానికి థెరపీ ఫీజులు, ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు మందులో ఆస్పత్రో అయ్యే ఖర్చు చేర్చండి. ధరలు పెరుగుతాయని గుర్తుంచుకుని పదేళ్లకు చూడండి. ఇదే మొత్తాన్ని ఆపరేషన్ చేయించుకున్నా అవుతుందనుకుని, దానిపైన ఆపరేషన్, స్కాన్, సెలవులో పోయే జీతం కలపండి. అప్పటికీ చేయించుకోవాలనిపిస్తే నిశ్చింతగా ముందుకు వెళ్లండి. చెయ్యి తేలికపడటానికి, ఇన్‌ఫెక్షన్లు తగ్గడానికి పెట్టిన డబ్బు అది. స్లీవ్ ఖర్చులో ఏమైనా మిగిలితే అది లాభమే.

అలాగని డబ్బు కూడే దాకా ఏళ్ల తరబడి ఆగమని చెప్పను. మొదట్లో చేతిలో చేరేది ఎక్కువగా నీరే. కొన్నాళ్లకు అది కొవ్వుగా, గట్టి పీచు కణజాలంగా మారితే ఎల్‌వీఏకి అవకాశం తగ్గిపోతుంది. ఆలస్యానికీ ధర ఉంది.

ఆరోగ్య బీమా ఉంటే ఆస్పత్రిలో చేరడానికి ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఇటువంటి క్లెయిముల్లో గొడవంతా అందం కోసమా, అవసరమా అన్న చోటే వస్తుంది. లైపోసక్షన్ అన్న మాట కనబడితే చాలు, ఫైలు పక్కన పెట్టేసేవాళ్లు ఉంటారు. క్యాన్సర్ చికిత్స వల్ల వచ్చిన వాపు అని, రెండు చేతుల కొలతలు, ఇన్‌ఫెక్షన్ వచ్చిన తేదీలు, కట్లు కట్టి చేసిన పూర్తి స్థాయి థెరపీ వివరాలతో డాక్టరు దగ్గర ఉత్తరం రాయించుకోండి. ఆ థెరపీ సరిగ్గా పూర్తి చేయకపోతే అది ముందు చేయించండి, సర్జన్ కూడా అడుగుతారు. ఆస్పత్రిలో కనీసం ఇన్ని గంటలు ఉండాలన్న షరతు కొన్ని పాలసీల్లో ఉంటుంది. ఎల్‌వీఏ తరవాత త్వరగానే ఇంటికి పంపే వీలుంది కనుక ఆ మాట ముందే తేల్చుకోండి. స్లీవ్‌లకు బీమా వస్తుందా రాదా అన్నది కూడా విడిగా అడగాలి.

బీమా పోను మిగిలినదానికి ముందు ఫిక్స్‌డ్ డిపాజిట్ ముట్టుకోండి, రిటైర్‌మెంట్ డబ్బును చివరికి వదలండి. అత్యవసర నిధి అసలు తీయవద్దు. కోలుకునే నెలల్లో జీతం తగ్గితే అక్కరకొచ్చేది అదే. పర్సనల్ లోన్ అయితే నేను వద్దంటాను. స్లీవ్ ఖర్చు తప్పుతుంది, దాంతో వాయిదాలు కట్టేస్తాననుకుని తీసుకునే అప్పు కదా అది.