గోగాన్ తహితి బొమ్మను ఫోటోలో చూస్తే చాలదా?

ఫ్రెంచి చిత్రకారుడు పాల్ గోగాన్ తహితి దీవిలో వేసిన ‘మనం ఎక్కడి నుంచి వచ్చాం, మనం ఏమిటి, ఎక్కడికి పోతున్నాం’ బొమ్మ నెట్‌లో అంత పెద్ద సైజులో దొరుకుతుంటే, దానికోసం బోస్టన్ మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌కు వెళ్లడం దండగా అని అడిగారు. దండగ కాదండి. దాన్ని ఫోన్ వాల్‌పేపర్‌గా పెట్టుకుని, అంతా చూసేశాననుకున్నవాణ్ణి నేను.

తీరా ఎదురుగా నిలబడితే పన్నెండు అడుగులకు పైగా పొడవుంది. అలవాటుకొద్దీ ఎడమ నుంచి మొదలుపెట్టాను. తల చేతుల్లో పట్టుకుని కూర్చున్న ముసలావిడ, ఆమె పాదాల దగ్గర బల్లిని పట్టుకున్న తెల్లపక్షి, నీలం విగ్రహం, మధ్యలో చేతులెత్తి పండు కోస్తున్న మనిషి, కుడి చివర పడుకున్న పసిపాప. పావుగంట చూసినా కథ అర్థమైతే ఒట్టు! పక్కన ఒకావిడ పిల్లలకు చెబుతుంటే తెలిసింది, దీన్ని కుడి నుంచి ఎడమకు చదవాలని. సిగ్గుపడి మళ్లీ ఆ చివర నుంచి నడిచాను. పుట్టుక నుంచి ముసలితనం దాకా కాళ్లతో నడుస్తూ చూడటం ఫోన్‌లో కుదరదు కదా.

ఇంకోటి, ఆ గుడ్డ. మంచి కాన్వాస్ కాదు, ముతక గోనెపట్టా. పక్కకు జరిగి వెలుతురు వాటంగా చూస్తే రంగు కింద నేత, ముడులు తెలుస్తాయి. పై మూలలు రెండూ పసుపు. ఎడమ మూలన ఫ్రెంచిలో పేరు, ప్రశ్నలే అయినా ప్రశ్నార్థకాలు లేవు. కుడి మూలన సంతకం. మూలలు చెడిపోయిన కుడ్యచిత్రాన్ని బంగారు గోడకు తగిలించినట్టు ఉండాలని గోగాన్ ఉద్దేశం.

1897లో కూతురు అలీన్ పోయిందన్న కబురు వచ్చాక, ఆ ఏడాది చివర్లో మొదలుపెట్టిన బొమ్మ ఇది. అయ్యాక కొండల్లోకి వెళ్లి ఆర్సెనిక్ అనే విషం మింగానని ఉత్తరంలో రాశాడు. నాకైతే అందులో కొంత నాటకం ఉందనిపిస్తుంది.

అలాగని ఇదే తహితి జీవితం అనుకోకండి. 1880 నుంచే అది ఫ్రెంచివాళ్ల వలస రాజ్యం. 1891లో ఈయన దిగేసరికి అక్కడి జనం చర్చికి వెళ్తున్నారు. బొమ్మలోని ఆ నీలం విగ్రహం ఆయన కోరుకున్న తహితిది. పద్నాలుగేళ్ల పిల్లలతో కాపురం చేసిన మనిషన్న సంగతి కూడా బొమ్మ ముందు నిలబడితే నాకు గుర్తుకు రాకమానదు.

వెళ్తే కుడి అంచు నుంచే మొదలుపెట్టండి. అక్కడ కింద ఒక కుక్క ఉంటుంది. నా వాల్‌పేపర్‌లో అది తెగిపోయింది, అన్నాళ్లూ నాకు తెలియనే తెలియదు.