కౌంట్‌డౌన్ తప్పిందని నష్టపరిహారం అడుగుతున్నారు. కట్టాలా?

ప్రశ్న: క్రిప్టో కాయిన్ల మైనింగ్ రివార్డు, అంటే లావాదేవీలను కంప్యూటర్లతో సరిచూసి నమోదు చేసేవాళ్లకు దక్కే కొత్త కాయిన్లు, ఎప్పుడు సగానికి తగ్గుతుందో (దీన్నే హాల్వింగ్ అంటారు) ముందే చూపించే టూల్ ఒకటి తయారుచేశాను. కోడ్ అందరికీ ఉచితం. అలర్టులు కావాలంటే మాత్రం నెలవారీ చందా. ఒక చిన్న కాయిన్ హాల్వింగ్ మా టూల్ చూపిన తేదీకి నాలుగు రోజుల ముందే వచ్చేసింది. ఆ తేదీ వరకు మైనింగ్ మెషీన్లు అద్దెకు తీసుకున్న చందాదారు ఒకాయన నష్టపరిహారం ఇమ్మని లీగల్ నోటీసు పంపారు. ‘ఇవి అంచనాలు మాత్రమే’ అని పేజీలో రాసే ఉంది. అది సరిపోదా?

జవాబు: ఆ ఒక్క వాక్యాన్ని నమ్ముకుని కూర్చోకండి. మీరు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. పైన పెద్ద అక్షరాల్లో ‘ఖచ్చితమైన హాల్వింగ్ తేదీ’ అని ఉంది. దాని కింద సెకన్లతో సహా పరిగెత్తే గడియారం. మీరు చెప్పే ‘అంచనాలు మాత్రమే’ అట్టడుగున, బూడిదరంగులో, వెతికితే గానీ కనిపించదు. జడ్జి ముందు అవతలి వకీలు పెట్టేది ఈ ఒక్క స్క్రీన్‌షాటే. మీకు నిజంగా ఇబ్బంది తెచ్చేది ఆ ‘ఖచ్చితమైన’ అన్న మాట.

మీ వైపు బలమూ ఉంది. హాల్వింగ్ నడిచేది బ్లాకుల (మైనింగ్‌లో ఒకదాని తర్వాత ఒకటి చేరే లావాదేవీల కట్టల) లెక్క మీద, క్యాలెండర్ మీద కాదు. బిట్‌కాయిన్‌లో ప్రతి 2,10,000 బ్లాకులకు రివార్డు సగమవుతుంది. 8,40,000వ బ్లాకు దగ్గర, 2024 ఏప్రిల్‌లో, అది 6.25 బిట్‌కాయిన్ల నుంచి 3.125కు తగ్గింది. తర్వాతిది 10,50,000వ బ్లాకు దగ్గర. అంకె ముందే తెలుసు, తేదీ తెలియదు. బ్లాకుకు పది నిమిషాలనేది లక్ష్యం మాత్రమే. సగటున పది సెకన్లు ముందుగా వస్తూ పోతే, 2,10,000 బ్లాకులకు దాదాపు 24 రోజుల తేడా తేలుతుంది. 2017లో బిట్‌కాయిన్ నుంచి విడిపోయిన బిట్‌కాయిన్ క్యాష్‌దీ ఇదే నియమం. అయినా 2020లో దాని హాల్వింగ్ ఏప్రిల్ 8న వస్తే, బిట్‌కాయిన్‌ది మే 11న వచ్చింది. రెండూ 6,30,000వ బ్లాకు దగ్గరే! మైనింగ్ చేసేవాళ్లు వస్తూ పోతూ ఉండి బ్లాకుల వేగం మారిపోయే చిన్న కాయిన్‌లో నాలుగు రోజులు తప్పడం వింతేమీ కాదని వాదించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అక్కర్లేదు.

అయితే ఈ వాదన ఎత్తుకునే ముందు మీ లాగ్స్ (టూల్ ఎప్పుడేం చేసిందో నమోదయ్యే రికార్డులు) ఒకసారి చూసుకోండి. టూల్ తాజా బ్లాకులు చూసి లెక్క సవరించుకుంటూ వచ్చిందా? లేక డేటా ఆగిపోయి, పాత అంకెలతోనే గడియారం తిరిగిందా? మొదటిదైతే అంచనా తప్పింది, అంతే. రెండోదైతే నిర్లక్ష్యం అంటారు. అప్పుడు అడుగున రాసిన ఏ వాక్యమూ మిమ్మల్ని పూర్తిగా కాపాడదు.

ఓపెన్ సోర్స్ లైసెన్సులో ‘ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాం, ఏ హామీ లేదు’ అని ఉంటుంది కదా, అది కోడ్‌కు వర్తిస్తుంది. డబ్బు తీసుకుని ఇచ్చే అలర్టు సేవ వేరే ఒప్పందం. డెవలపర్లు తరచూ పొరబడేది ఇక్కడే. చందా షరతుల్లో ‘మా బాధ్యత కట్టిన చందా వరకే’ అన్న పరిమితి ఉందేమో చూడండి. మెషీన్లు అద్దెకు తీసుకుని లాభం కోసం మైనింగ్ చేసే వ్యక్తికి వినియోగదారుల చట్టం రక్షణ చాలా దేశాల్లో సులువుగా దొరకదు కాబట్టి, ఆ షరతు నిలబడే అవకాశం ఎక్కువ.

ఇక ఆయన అడుగుతున్న మొత్తం. నాలుగు రోజులకు రావాల్సిన పూర్తి రివార్డూ, తర్వాత కాయిన్ ధర పడినందుకు నష్టమూ కలిపేశారు. రెండూ నిలబడవు. మీ టూల్ సరైన తేదీ చూపినా ఆ నాలుగు రోజులు పూర్తి రివార్డు వచ్చేది కాదు. ఆయన నాలుగు రోజులు తక్కువకు అద్దె మాట్లాడుకునేవారు, అంతే కదా. అంటే నిజమైన నష్టం: నాలుగు రోజుల అద్దెలోంచి ఆ రోజుల్లో వచ్చిన సగం రివార్డు తీసేస్తే మిగిలేది. రివార్డే అద్దెను దాటితే నష్టమే లేదు! పైగా మిగిలిన బ్లాకుల సంఖ్య మీ పేజీలోనే రోజూ కనిపిస్తూ ఉంది. దాన్ని ఆయన ఎందుకు చూసుకోలేదన్న ప్రశ్న కూడా వస్తుంది.

ఇప్పుడు చేయకూడనివి చెబుతాను. టెన్షన్‌లో ‘సారీ, మాదే తప్పు’ అని చాట్‌లో రాయకండి. లాగ్స్ చెరపకండి. నోటీసు అందాక చెరిపితే ఆధారాలు మాయం చేశారన్న కొత్త నింద మీద పడుతుంది. పేజీలో ‘ఖచ్చితమైన’ అన్న మాట తీసేయండి, కానీ పాత పేజీ కాపీని తేదీతో సహా దాచాకే. ‘హాల్వింగ్ తర్వాత ధర పెరుగుతుంది, ఇప్పుడే కొనండి’ అనే అలర్టు కూడా కనిపించింది. అది ఈరోజే ఆపండి. చాలా దేశాల్లో లైసెన్సు లేకుండా పెట్టుబడి సలహా ఇవ్వడం కిందికి వస్తుంది, ఈ నోటీసు కంటే పెద్ద తలనొప్పి.

నోటీసులో ఇచ్చిన గడువులోపు వకీలు ద్వారా జవాబు పంపండి. అద్దె ఒప్పందం, ఆ నాలుగు రోజులూ మైనింగ్ పూల్ (కలిసి మైనింగ్ చేసి రివార్డు పంచుకునే బృందం) నుంచి అందిన చెల్లింపుల వివరాలు చూపమని అందులో అడగండి. చందా డబ్బు వెనక్కి ఇవ్వాలనుకుంటే ‘బాధ్యత ఒప్పుకోకుండా ఇస్తున్నాం’ అన్న మాట తప్పకుండా రాయించండి.