యు లేకుండా క్యూ వాడాలంటే

ఎంవీపీ కాలనీ మిత్రులకు: ఇంగ్లిష్ అక్షరాల బిళ్లలతో మాటలు కూర్చే స్క్రాబుల్‌లో క్యూ వచ్చి, దాని వెంట మామూలుగా ఉండే యు రాకపోతే ఏం చేయాలని అడిగారు. ముందు క్యూ-ఐ (ప్రాణశక్తి అనే మాట) చూడండి. యు బిళ్లలు 4, ఐ బిళ్లలు 9. అందుకే ఇదే దగ్గరి దారి. బోర్డు మీది ఐకి ఎడమన గానీ పైన గానీ ట్రిపుల్ లెటర్ గడి (అక్షరం విలువను మూడింతలు చేసేది) ఖాళీగా ఉండి, చేతిలో ఇంకో ఐ ఉంటే, ఆ గడిలో 10 పాయింట్ల క్యూ పెట్టండి; క్యూ-ఐ అడ్డంగా, నిలువుగా రెండుసార్లు పడుతుంది: 31 చొప్పున 62 పాయింట్లు! వదులుకోకండి.

తర్వాత చెల్లే మాటలు: క్యూ-ఎ-టి (ఒక మొక్క), క్యూ-ఎ-ఐ-డి (ఒక నాయకుడు), మన ఫకీరే అయిన ఎఫ్-ఎ-క్యూ-ఐ-ఆర్. ఐ-క్యూ చెల్లదు, అది సంక్షిప్త రూపం.

మాటలు వెతికే యాప్‌లో క్యూ ఉండాలి, యు ఉండకూడదు అని పెట్టండి. చెల్లే మాటల జాబితా కాలిన్స్ నిఘంటువుదే ఎంచుకోండి. అమెరికా జాబితాలో కొన్ని మాటలు దొరకవు. సంచిలో 7 బిళ్లల కంటే తగ్గితే మామూలు నియమాల ప్రకారం చేతిలోని బిళ్లలు మార్చుకోనివ్వరు, కాబట్టి క్యూని మార్చాలా వద్దా అన్న నిర్ణయం ముందే తీసుకోండి.