నడుమ వాగు పారే పల్లె: మోడ్లారాయిట్

జర్మనీలో సరిహద్దు పల్లె జీవితం ఎలా ఉంటుందని అడిగినవారికి నేను ముందుగా మోడ్లారాయిట్ గ్రామాన్నే చూపిస్తాను. యాభై మంది వరకు మాత్రమే నివసించే ఈ ఊరి నడుమ టాన్‌బాహ్ అనే సన్నని వాగు పారుతుంది. దానికి ఒక ఒడ్డున బవేరియా, మరో ఒడ్డున తురింగియా రాష్ట్రాలున్నాయి. 1949లో జర్మనీ రెండు దేశాలుగా విడిపోయినప్పుడు, బవేరియా ఉన్న పశ్చిమ జర్మనీకీ తురింగియా ఉన్న తూర్పు జర్మనీకీ ఆ వాగే సరిహద్దయింది. తూర్పు జర్మనీ ప్రభుత్వం 1952లో చెక్క కంచె వేసి, 1966లో సుమారు 700 మీటర్ల కాంక్రీటు గోడ కట్టింది. గోడ అవతల ఉన్న అయినవారిని చూసి చెయ్యి ఊపడం కూడా తూర్పువైపు వారికి నిషేధమే, ఇంతకంటే కఠినమైన దూరం మరొకటి ఉంటుందా? 1989 డిసెంబరు 9న దారి తెరుచుకుంది.

జీవనాధారం మొదటినుంచీ పంటపొలాలు, పశుపోషణ. విభజన కాలంలో మాత్రం పశ్చిమాన సొంత సేద్యం సాగగా, తూర్పున భూములన్నీ సామూహిక సహకార క్షేత్రాల్లో కలిసిపోయాయి. నేడు, మిగిల్చిన గోడ భాగాన్నీ కాపలా బురుజునూ కాపాడుతున్న మ్యూజియం సందర్శకులను రప్పిస్తోంది.

ఇప్పటికీ ఊరికి ఇద్దరు మేయర్లు, రెండు పిన్‌కోడ్లు ఉన్నాయి. పలకరింపు కూడా బవేరియా ఒడ్డున ‘గ్రూస్ గోట్’, తురింగియా ఒడ్డున ‘గూటెన్ టాగ్’.